రెండు సమ్మెల సార్వా

ఆ సార్వాలో, వానాకాలపు వరి వేళ, మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో ఇద్దరు సమ్మెలో ఉన్నారు.

మొదటి సమ్మె మా ఆయన యేసుకుమార్‌ది. హైదరాబాదులో సినిమాలకి లైట్‌మ్యాన్‌గా పనిచేస్తాడు. కూలి పెంచేదాకా ఏ షూటింగులోనూ లైటు ఎత్తేది లేదని వాళ్ళ యూనియన్ తేల్చేసరికి, బ్యాగు సర్దుకుని చల్లపల్లి పక్కనున్న మా ఊరికి వచ్చేశాడు. రెండో సమ్మె మా అత్తయ్య తెరేసమ్మది. వరినాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడ మేస్త్రి. అంటే ముందుగా వెళ్ళి చేను చూసి, రైతుతో బేరం కుదుర్చుకుని, ఆ తర్వాత ముఠాని తీసుకెళ్ళి దింపే మనిషి. చేల దగ్గరికి వెళ్ళే ఆటో కిరాయి ఇన్నేళ్ళూ ముఠా కూలిలోంచే పోతోందని, ఈ ఏడు అది రైతు పెట్టుకుంటే తప్ప చేలో కాలు పెట్టేది లేదని ఆవిడ కూర్చుంది. కాలవలకి నీళ్ళొచ్చాయి, చేలు నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేశారు, నారు ఎదిగింది. ముఠా మాత్రం కదల్లేదు.

తల్లీ కొడుకూ పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతూ ఎవరి సమ్మె గట్టిదో వాదించుకునేవాళ్ళు. మీ నాయకులు ఏసీ గదుల్లో కూర్చుని బేరాలాడతారని అత్తయ్య, మీకసలు జెండాయే లేదు కదా అని ఈయన. సాయంత్రం ప్రార్థన వేళ ఇద్దరూ ఎవరి సమ్మె గురించి వాళ్ళు పక్కవాళ్ళకి వినబడేట్టు వేడుకునేవాళ్ళు. మధ్యలో కూర్చున్న నేను, నాకో చెరువు దొరికేట్టు చూడు ప్రభువా అని లోలోపల అడుక్కునేదాన్ని.

పెళ్ళికి ముందు నేను విజయవాడ పటమటలో ఒక ఫోటో స్టూడియోలో చేసేదాన్ని. పెళ్ళి కాబోయే జంటల్ని వెంటేసుకుని, అందమైన చోటల్లా నిలబెట్టి ఫోటోలు తీయించడం నా పని. ఆ వంకన దివిసీమ అంతా చుట్టబెట్టేశాను. ఏ లంకలో ఎప్పుడు రెల్లు పూస్తుందో, ఏ రేవులో సాయంత్రం ఎండ ఎటునుంచి పడుతుందో నాకు కొట్టినపిండి. ఆ సంగతి ఎవరో చెప్పగా ఒక సినిమా కంపెనీవాళ్ళు నన్ను పిలిచారు. రాజులు, మాయలు, లేని దేశాలు ఉన్న ఒక లావుపాటి తెలుగు నవలని సినిమాగా తీస్తున్నారు. అందులో ఒక చెరువు ఉంది. అది దొరికేట్టు చేస్తే సినిమా మొత్తానికీ లొకేషన్ మేనేజరు మీరేనన్నారు. దొరక్కపోతే మళ్ళీ జంటల వెనక గొడుగు పట్టుకుని నడవడమే. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, నిద్రలో కూడా నీళ్ళే కనబడేవి.

సమ్మె రోజుల్లో పెళ్ళాం సినిమావాళ్ళకి పనిచేయడం యేసుకుమార్‌కి ఇబ్బందిగానే ఉంది. యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేసి, మా ఆవిడ లొకేషన్లు చూస్తోంది, అది సమ్మెకి అడ్డం అవుతుందా అని అడిగాడు. అవతలాయన నవ్వి, చూడటం పని కిందికి రాదు, చూసుకోమను అన్నాడట. ఈయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అత్తయ్య అభిప్రాయం కూడా అదే. మీ కోడలు ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే ఆవిడ ఒకటే మాట చెప్పేది.

"తిరుగుద్ది."

తిట్టుగా కాదు. కోడలు బంగారం, కాకపోతే తిరుగుతుంది, అన్నట్టు చెప్పేది. అందుకే ఎదురు చెప్పడం కూడా కుదిరేది కాదు.

*

నవల్లో ఆ చెరువు పేరు నింగిమడుగు. చీలమండ లోతు నీళ్ళు, అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పు. పైన ఎంత ఆకాశం ఉందో కింద అంత ఆకాశం. దాన్ని నడిచి దాటాలి. అబద్ధమాడినవాళ్ళ నీడ ఆ నీళ్ళలో పడదు. కథలో రాజకుమార్తె సగం దూరం నడిచి కిందికి చూసుకునేసరికి తన నీడ ఉండదు. ఆ ఒక్క ఘట్టం కోసమే సినిమా మొదలుపెట్టానని దర్శకుడు జయంత్ గారు నాతో అన్నారు. అసలైతే హైదరాబాదులో పెద్ద తొట్టి కట్టి సెట్టు వేసేవాళ్ళట. సెట్లు వేసేవాళ్ళందరూ సమ్మెలో ఉండబట్టి దేవుడు కట్టిన చెరువు కోసం మా డెల్టాకి వచ్చారు.

జయంత్ గారు మెత్తని మనిషి. ఏదీ బాగోలేదని అనరు. నవల చంకలో పెట్టుకుని తిరుగుతూ ఏది చూపించినా "బాగుందండీ" అంటారు. రెండ్రోజుల్లో నాకు ఆ మాటలో రకాలు తెలిసిపోయాయి. హంసలదీవి తీసుకెళ్తే బాగుందండీ, అలలున్నాయి అన్నారు. పంటు ఎక్కించి ఏరు దాటించి ఎదురుమొండి తీసుకెళ్తే బాగుందండీ, చెట్లున్నాయి అన్నారు. లంకల్లో ఇసుక ఎక్కువైంది. చేపల చెరువుల దగ్గరైతే బాగుందండీ అని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నీళ్ళల్లో ఏమీ ఉండకుండా నీళ్ళు కావాలంటే బిందెలో చూసుకోమని సలహా ఇచ్చింది.

ఒక సాయంత్రం వాన వెలిసింది. ఉత్తచేతులతో తిరిగొస్తుంటే మా ఊరి పొలిమేరలో గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చి కారు ఆగింది. ఎంతకీ కదలకపోతే జయంత్ గారు దిగారు. దిగినాయన మళ్ళీ ఎక్కలేదు. నేను వెళ్ళి చూస్తే బూట్లు విప్పి చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. బాగుందండీ అనలేదు. అసలు ఏమీ అనలేదు.

ఎదురుగా బసవపున్నయ్య గారి చేలు. దమ్ము చేసి వదిలేసినవి. రోజులు గడిచి మట్టి అంతా అడుగుకి దిగి, నీళ్ళు తేటపడి ఉన్నాయి. మబ్బులన్నీ కిందికి దిగి పరుచుకున్నాయి. రెండు కొంగలు ఆ మబ్బుల మీద నడుస్తున్నాయి. రోజూ స్కూటీ మీద ఆ గట్టు పక్కనుంచే వెళ్తాను. వెళ్ళినప్పుడల్లా నా కంటికి కనబడింది ఒక్కటే, ఇంకా నాటు పడలేదని. మా ఊరి పక్కనున్న ఆకాశాన్ని ఊరుగాని ఊరువాడు వచ్చి చూపించాల్సి వచ్చింది. నా చెరువు దొరికింది.

మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. మా వైపు మెరిసే చేను అంటే పని ఆగిన చేను. మామూలుగా దమ్ము చేసిన రెండ్రోజులకే నాటు పడిపోతుంది, ఇంత తేటపడే తీరిక దానికి ఉండదు. ఇది చెరువైందంటే అత్తయ్య సమ్మె వల్లే అయింది. ఎన్నాళ్ళు ఇలా ఉంటుందండీ అని జయంత్ గారు అడిగారు. చెప్పలేమండీ అన్నాను. నిజానికి అది చెప్పగలిగిన మనిషి మా ఇంట్లోనే ఉంది.

*

కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు లక్ష్మీకాంత్ గారు విజయవాడ వచ్చారు. రెండు ఫోన్లు, ఒక చిరునవ్వు ఉన్న మనిషి. సినిమా కార్మికులతో చర్చలు ఒక కొలిక్కి వస్తున్నాయని, త్వరలోనే యూనిట్ దిగిపోతుందని, ఈలోగా చేలు మాట్లాడేసుకుందామని నన్ను వెంటబెట్టుకుని బసవపున్నయ్య గారింటికి బయల్దేరారు.

బసవపున్నయ్య గారు ఉండేది పటమటలో. సీజన్లో కారేసుకుని ఊరొచ్చి చేలు చూసుకుపోతారు. నేను ఎవరి కోడల్నో ఆయనకి తెలియదు, సినిమా అమ్మాయిననే అనుకున్నారు. సినిమా అనగానే మొహం వెలిగిపోయింది. కుర్రతనంలో గవర్నరుపేట హాళ్ళలో చొక్కాలు చింపుకుని చూసిన ఆటలన్నీ చెప్పుకొచ్చారు. కాఫీ తనే తెచ్చి చేతికిచ్చారు. మాటల్లో చేల సంగతి వచ్చింది.

"ఆటో కిరాయి పెద్ద విషయం కాదండీ. పంతానికి పోయి నేనే సాగదీశాను. నారు ముదిరిపోతంది. రేపు ఆ తెరేసమ్మకి ఫోన్ చేసి సరేనని చెప్పేద్దామనుకుంటన్నా" అన్నారు.

లక్ష్మీకాంత్ గారు కప్పు కింద పెట్టి, చెయ్యకండి అన్నారు. షూటింగు అయ్యేదాకా ఆ సమ్మె అలాగే ఉండనివ్వమని, నారు ముదిరితే కొత్త నారుకీ, చేను ఆగినందుకూ కంపెనీ చూసుకుంటుందని నచ్చజెప్పారు. పెద్దాయన కాసేపు తటపటాయించారు. దమ్ము చేసిన చేను ఊరికే పెట్టడం తనకి అలవాటు లేదన్నారు. సినిమా మొదట్లో కృతజ్ఞతలని వేస్తారు కదా, అందులో తన పేరు పడుతుందా అని అడిగారు. పడుతుందని లక్ష్మీకాంత్ గారు హామీ ఇచ్చారు. బసవపున్నయ్య గారు తన ఫోన్ తీసి టేబుల్ మీద బోర్లా పెట్టేశారు.

అంతే జరిగింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ చెడ్డమాట అనలేదు. కాఫీ కూడా బాగుంది. నేను దాన్ని ఆఖరి చుక్క దాకా తాగి, వస్తామండీ అని లేచాను.

*

ఇంటికొచ్చేసరికి యేసుకుమార్ బొమ్మిడాయిల పులుసు పెట్టాడు. సమ్మె పుణ్యమా అని వంట నేర్చుకున్నాడు, అదొక లాభం. అత్తయ్య మంచి హుషారులో ఉంది. పున్నయ్య గారు మెత్తబడ్డారని ఆయన పాలేరే చెప్పాడట. రేపు ఫోన్ వస్తుందని, పాత చీరలు తీసి ఉంచుకోమని ముఠాలో అందరికీ కబురు పెట్టింది. ముఠాలో సగంమంది ఇళ్ళలో ఈ నాట్ల సంపాదనతోనే పిల్లల బడి మొదలవుతుంది. ఆ సంగతి ఆవిడ చెప్పక్కర్లేదు, ఆ పిల్లలు నాకూ తెలుసు.

ముద్ద కంచంలో పెట్టేశాను.

"పున్నయ్య గారు రేపు ఫోన్ చెయ్యరు అత్తయ్యా" అన్నాను.

"నీకెట్టా తెలుసు?"

చెప్పాను. గట్టు మీద ఆగిన కారు దగ్గర్నుంచి బోర్లా పెట్టిన ఫోన్ దాకా అంతా చెప్పాను. యేసుకుమార్ గరిటె గిన్నెలో పెట్టేశాడు. తమ సమ్మె ఈ వారంలో తేలిపోయేట్టుందని, తనని ఈ సినిమాకే వేస్తారని, సొంతూళ్ళో పని దొరుకుతుందని మెల్లిగా అన్నాడు. అని, తల దించుకున్నాడు. సమ్మెలో ఉన్నోణ్ణి నేను ఈ మాట అనగూడదమ్మా అన్నాడు.

అత్తయ్య కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ ముల్లు తీసుకుంటూ, ఇంతకీ ఆ చెరువులో ఏం జరుగుద్ది అని అడిగింది. కథ చెప్పాను. అబద్ధమాడినవాళ్ళ నీడ పడదన్న దగ్గర ఆవిడకి నవ్వు ఆగలేదు.

"అయితే పున్నయ్యని మాత్రం దిగనియ్యమాక" అంది. నవ్వు తగ్గాక నా మొహంలోకి చూసింది. "నాకు చెప్పావని మీవాళ్ళకి తెలిస్తే?"

"పని పోతుంది."

"ఊఁ" అని ఇంకో చేపముక్క వేయించుకుంది. ఆ రోజుకి ఆ మాట అక్కడితో అయిపోయింది.

*

మర్నాడు పొద్దెక్కాక అందరం చేల దగ్గర కలిశాం. లక్ష్మీకాంత్ గారు, జయంత్ గారు, పటమట నుంచి బసవపున్నయ్య గారు. కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకోవాలని వచ్చారు. గట్టెక్కి చూసి నలుగురం ఒకేసారి ఆగిపోయాం.

అద్దం లాంటి చేనుకి సరిగ్గా నడిమధ్యన పచ్చగా ఏదో ఉంది. ఒక్క కట్ట నారు. వరసలు తీరి, దారం పట్టి నాటినట్టు నిలబడి ఉంది. అక్కడిదాకా నీళ్ళలో సన్నటి బురద చార ఒకటే మిగిలింది. అవతల కాలవ ఒడ్డున అత్తయ్య ఒక్కతే కూర్చుని కాళ్ళు కడుక్కుంటోంది.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. చేను చూసిన మేస్త్రి తొలి కట్ట తన చేత్తో ఈశాన్యం మూల నాటుతుంది. నాటిందంటే ఆ చేను ఆ ముఠాది, ఇంకో ముఠా అందులో దిగదు. ఈసారి మేస్త్రి మూల వదిలేసి నడిమధ్యకి వెళ్ళింది. కెమెరా ఎటు తిప్పినా ఆ పచ్చటి చారెడు నారు కనబడి తీరుతుంది.

లక్ష్మీకాంత్ గారికి ఇదంతా పెద్ద సంగతిగా అనిపించలేదు. కారు డ్రైవరుని పిలిచి అది పీకి అవతల పారెయ్యమన్నారు. డ్రైవరుది అవనిగడ్డ. వాడు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. గట్టున పోతున్న ఇద్దర్ని అడిగారు. వాళ్ళు అడిగిన మనిషిని ఎగాదిగా చూసి వెళ్ళిపోయారు. మీ చేనే కదండీ, మీరే పీకించండి అని బసవపున్నయ్య గారి మీద పడ్డారు. పెద్దాయన పంచె ఎగ్గట్టి గట్టు దిగబోయారు. ఒక కాలు నీళ్ళ అంచున పెట్టి చాలాసేపు ఆ నారు వైపు చూశారు. మళ్ళీ కాలు వెనక్కి తీసుకున్నారు.

"నాటిన నారు పీకమంటే నావల్ల కాదండీ. చేను అమ్మమంటే అమ్ముతానేమో గానీ, ఇది మాత్రం నా చేత్తో చెయ్యను" అన్నారు.

చివరికి లక్ష్మీకాంత్ గారే ప్యాంటు మడిచి దిగారు. దమ్ము చేసిన చేలో బూట్లతో దిగిన మనిషిని నేను చూడటం అదే మొదలు. నాలుగడుగులు వేసేసరికి మోకాలి దాకా దిగబడ్డారు. ఎడం కాలు పైకొచ్చింది, ఎడం బూటు రాలేదు. దానికోసం వెతికితే కుడి మోచెయ్యి కూడా లోపలికి పోయింది. తేటగా ఉన్న నీళ్ళన్నీ కలకబారి టీ అయిపోయాయి. అందరికన్నా ముందు నవ్వింది జయంత్ గారు. తర్వాత బసవపున్నయ్య గారు, ఆ తర్వాత, పాపం, బురదలో ఉన్న లక్ష్మీకాంత్ గారు కూడా.

నవ్వులయ్యాక ఆయన గట్టెక్కి, చెయ్యి తుడుచుకుంటూ, ఫోన్ ఆపించిన సంగతి ఆవిడకి ఎవరు చెప్పారని అడిగారు. మామూలుగానే అడిగారు.

"నేనేనండీ. ఆవిడ మా అత్తయ్య" అన్నాను.

జయంత్ గారు నా మొహం వైపు చూడలేదు. గట్టు అంచున ఇంకా బురద కలవని నీళ్ళలోకి చూశారు. నేనూ చూశాను. నా నీడ ఉంది.

బసవపున్నయ్య గారు కాలవ దాకా నడిచి వెళ్ళారు. ఆటో కిరాయి నాదే తెరేసమ్మా, మనుషుల్ని పిలువు అన్నారు. ఎప్పుడు పిలవమంటారని ఆవిడ అమాయకంగా అడిగింది. నన్నడుగుతావేంటి, నారునడుగు అని ఆయన విసుక్కున్నారు. కాసేపట్లో ట్రాలీ ఆటో నిండా ముఠా దిగింది. లక్ష్మీకాంత్ గారు ఒంటి బూటుతో కారెక్కుతూ, ఇక మీ పని అయిపోయినట్టేనండీ శాలిని గారూ అని మర్యాదగానే చెప్పారు.

*

గట్టు మీద కూర్చుని నా చెరువు పచ్చబడటం చూస్తూ ఉండిపోయాను. ఆడవాళ్ళు వరసకట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు, పరాచికాలాడుకుంటున్నారు. వాళ్ళని చూస్తే సంతోషంగా ఉంది. నన్ను తలుచుకుంటే ఏడుపొస్తోంది. రెండూ నిజమే.

నాటుకుంటూ వెనక్కొచ్చి అత్తయ్య నా దగ్గరగా ఆగి నడుం ఎత్తింది.

"మొహం అట్టా పెట్టమాక. నీళ్ళు ఇక్కడే ఆగిపోతయ్యా ఏంది, కిందికి పోతయ్యి గదా" అంది. అనేసి మళ్ళీ వంగింది.

ఊరికే ఓదార్పుకి అన్న మాట. కానీ నేను లేచి నిలబడ్డాను. కాలవ నీళ్ళు ముందు పైఊళ్ళకి అందుతాయి, చివరికి శివారుకి. మా దగ్గర నాట్లు అయిపోయే వేళకి శివారు ఊళ్ళలో అప్పుడే దమ్ము మొదలవుతుంది. నీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని అక్కడి రైతులు ఏటా గోలపెడతారు. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన సంగతి ఇది. అయినా నింగిమడుగు ఒక్క చోటే ఉంటుందని పట్టుకు కూర్చున్నాను. అది కాలవ వెంబడే రోజుకింత కిందికి జారుతూ సముద్రం దాకా పోతోంది. దాని కోసం ఎవరి సమ్మెనీ సాగదీయక్కర్లేదు.

స్కూటీ తీసి కాలవ వెంబడే పోయాను. అవనిగడ్డ దాటాను, నాగాయలంక దాటాను. సముద్రపు పోటుకి అడ్డంగా వేసిన కరకట్టకి ఇవతల ఆఖరి చేలు కృపానందం గారనే రైతువి. అప్పుడే నీళ్ళు తడుతున్నాయి. కరెంటు స్తంభం లేదు, ఇల్లు లేదు, అవతలంతా సముద్రం మీది ఆకాశం. దమ్ము చేశాక వెంటనే నాటు వెయ్యకుండా నీళ్ళు తేటపడేదాకా ఆగి, ఆపైన రెండ్రోజులు చేను మాకు ఇవ్వమని అడిగాను. ఇన్నేళ్ళలో నీళ్ళు ఆలస్యంగా వచ్చినందుకు సంతోషించిన మనిషిని నిన్నే చూశానమ్మా అని ఆయన నవ్వారు.

జయంత్ గారికి ఫోన్ చేసి రమ్మన్నాను. మర్నాడు వచ్చారు. పక్కన లక్ష్మీకాంత్ గారు కొత్త చెప్పులతో వచ్చారు. జయంత్ గారు కరకట్ట ఎక్కి నిలబడ్డారు. ఏమీ అనలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆయన ఏమీ అనకపోవడం అంటే ఏంటో నాకు తెలుసు. అప్పుడు నేనే ఒక షరతు పెట్టాను. షూటింగు అయిన మర్నాడే చేలో నాటు పడాలి, అంత దూరం ముఠా రావడానికి ఆటో కంపెనీయే పెట్టాలి. లక్ష్మీకాంత్ గారు తన కొత్త చెప్పుల వైపు ఒకసారి చూసుకుని, అలాగేనండీ మేనేజరు గారూ అన్నారు.

*

సినిమా సమ్మె తేలింది. అడిగిందంతా రాలేదు గానీ, వచ్చినదాంతో లైట్లు ఎత్తొచ్చని యేసుకుమార్ అన్నాడు. ఆయన సామాను దించిన చోటు మా ఇంటికి స్కూటీ దూరం. దమ్ము చేసిన మట్టి దిగి నీళ్ళు తేటపడ్డాక, బురద లేవకుండా నీళ్ళ కింద కనబడకుండా బల్లలు పరిచారు. వాటి మీద రాజకుమార్తె ఆకాశంలో నడిచినట్టు నడిచింది. ఆమె నీడ మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది. దాన్ని తర్వాత కంప్యూటర్లో తుడిచేస్తారట.

షూటింగు చూడటానికి బసవపున్నయ్య గారు పటమట నుంచి వచ్చారు. చేను ఆయనది కాకపోయినా కృతజ్ఞతల్లో పేరు వేయిస్తానని జయంత్ గారు మాటిచ్చారు. దగ్గరగా చూద్దురుగాని రండని పిలిస్తే, కథ ఎవరు చెప్పారో ఏమో, మోకాళ్ళ నొప్పులండీ అని గట్టు మీదే ఉండిపోయారు. లక్ష్మీకాంత్ గారు మాత్రం చెప్పులు విప్పేసి నీళ్ళలోకి దిగి బల్లల మీద అటూ ఇటూ తిరిగారు. నాటుకి ముందు చేను చూసుకోవడానికి వచ్చిన అత్తయ్య ఆయన కాళ్ళ దగ్గరికి తొంగిచూసింది.

"పడింది గదా. మనిషి మంచోడే" అంది.

మర్నాడు పొద్దున్నే బల్లలు ఎత్తేశారు. యేసుకుమార్ గట్టు మీద కేబుళ్ళు చుట్టుకుంటున్నాడు. కంపెనీ పెట్టిన ఆటోలో ముఠా దిగింది. నేను అటు సామాను పంపిస్తూ, ఇటు ఆటోవాడితో మాట్లాడుతూ, గట్టు పాడుచెయ్యొద్దని లారీవాణ్ణి కేకలేస్తూ ఉంటే, కృపానందం గారు అత్తయ్య పక్కన చేరి, ఇంతకీ ఈ అమ్మాయి ఎవరు, ఏం చేస్తుందని అడిగారు. నాకు వినబడింది. ఆ ఒక్క మాట కోసం వెనక్కి తిరక్కుండా ఆగాను.

"మా కోడలు. చేను చూసే పని" అంది అత్తయ్య. "ఈ చేను నాకంటే ముందొచ్చి చూసింది అదే."

యేసుకుమార్ కేబులు చుట్టడం ఆపి నా వైపు చూశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండ కొడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్య నారుకట్ట ఒకటి తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. చేను చూసినవాళ్ళే తొలి కట్ట వెయ్యాలంది. చీర ఎగ్గట్టి ఈశాన్యం మూల దిగాను. చిన్నప్పుడెప్పుడో సెలవల్లో సరదాకి నాటడమే, మళ్ళీ వంగింది లేదు. ఒక్కో మొక్కా వేళ్ళతో బురదలోకి నొక్కుతూ వెనక్కి నడిచాను. కట్ట అయిపోయాక లేచి చూస్తే వరస పాము పాకినట్టుంది. గట్టు మీద ముఠా అంతా నవ్వాపుకుంటోంది. కనీసం చివరి నాలుగూ సరిచేద్దామని వంగి ఒకటి పీకబోయాను.

అత్తయ్య గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"వంకరగా పడ్డాయి అత్తయ్యా."

"ఉండనీ. అవీ పండుతయ్యి" అని చెయ్యి వదిలి, ముఠా వైపు తిరిగి దిగమని పిలిచింది.